ఖాళీ క్యారేజీ పాట

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి, బడి వంటగదిలో రెటా రొట్టెల పిండి పిసుకుతుండగా, జునీటా చంకలో జిల్లా వారపత్రిక పెట్టుకుని లోపలికి వచ్చింది. ఆ వంటగదిలో మనుషులు ఇద్దరే, భోజనానికి వచ్చే పిల్లలు మూడువందల పైచిలుకు. పత్రికలు చదువుతూ కూర్చుంటే జరిగే పని కాదు అది. జునీటా మామూలుగా ఎవరెవరు పోయారో చూసి, ఆ కాగితాన్ని ఉల్లిపాయల కింద పరిచేస్తుంది. ఇవాళ మాత్రం జాగ్రత్తగా మడతలు విప్పి, పిండి అంటని చోటు వెతికి బల్ల మీద పరిచింది.

"నీ బొమ్మ వేశారు. గిటారు ఎవరి నెత్తిన వెయ్యాలా అని చూస్తున్నట్టున్నావు."

రెటా చేతులు పిండిలోనే ఉంచి మెడ సాచి చూసింది. నిజమే, అలాగే ఉంది. బొమ్మ కింద లావు అక్షరాలతో 'మన రెటాకి నాష్‌విల్‌లో నాలుగు నక్షత్రాలు' అని వేశారు. ఆరు వారాల కిందట వచ్చిన ఆమె ఆల్బమ్ గురించి నాష్‌విల్ సంగీత పత్రిక ఒకటి రాసిన సమీక్షని, వారపత్రిక సంపాదకుడు పొంగిపోయి ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చేశాడు. నాలుగు నక్షత్రాలు చూశాక ఆయన కింద ఏం రాసి ఉందో చదవలేదని తర్వాత తెలిసింది.

చదవమంది రెటా. జునీటా కళ్ళద్దాలు తగిలించుకుని, ఆదివారం చర్చిలో చదివే గొంతుతో మొదలెట్టింది. పదకొండు పాటలూ ఆమె సొంతంగా కట్టినవేనని ఉంది. గిటారు వాయించడంలో హంగులు లేవని, అదే అందమని ఉంది. నలభై ఏడేళ్ళ వంటమనిషి మొదటి ఆల్బమ్ అంటే ఎవరూ నమ్మరని ఉంది. రెటా చెవుల దాకా ఎర్రబడి పిండిని అవసరం లేకపోయినా ఇంకో నాలుగు గుద్దులు గుద్దింది. ఆ కాసేపూ ఆమెకి చాలా సంతోషంగా ఉంది. తర్వాత జునీటా చదవడం నెమ్మదించింది.

"'ఖాళీ క్యారేజీ' ఈ ఆల్బమ్‌కి గుండెకాయ. ఇంట్లో పిల్లలు నకనకలాడుతుంటే, తెచ్చుకున్న తిండంతా తనే తినేసి ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ వచ్చే గని కార్మికుడైన తండ్రి. అడిగిన పాపానికి చెంప పగలగొట్టే తల్లి. కన్నతండ్రిని ఇంత నిర్దయగా బోనెక్కించిన గొంతు ఈమధ్య వినలేదు. పల్లవి దగ్గర ఆమె గొంతు తగ్గిస్తుంది. అది దుఃఖం అనుకునేరు. పళ్ళ బిగువున ఆపుకున్న కోపం అది."

జునీటా కళ్ళద్దాలు తీసేసింది. "ఇదేమిటే? మీ నాన్న హోబర్ట్ గారు మీ నోటి దగ్గర కూడు తిన్నాడని రాశాడేమిటి వీడు?"

రెటా పిండి మీద తడిగుడ్డ కప్పింది, చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

ఆ బొగ్గు గనుల లోయలో చంటిపిల్లకి కూడా తెలుసు ఆ క్యారేజీ సంగతి. గనిలోకి దిగేవాడు తెచ్చుకున్నదంతా తినెయ్యడు. సత్తు క్యారేజీ అడుగు గిన్నెలో నీళ్ళు, మధ్య గిన్నెలో భోజనం, పై గిన్నెలో ఆపిల్ కేకు ముక్క. పైకప్పు కూలి లోపల చిక్కుకుపోతే నోట్లో వేసుకోవడానికి ఆ పై గిన్నె ముట్టకుండా ఉంచుకుంటారు. సాయంత్రం క్షేమంగా బయటికొస్తే, ఆ ముక్క పిల్లలది. ఇవాళ నా వంతంటే నా వంతని గుమ్మంలో కొట్టుకుంటారు. బొగ్గు వాసన పట్టిన ఆ ముక్క ముందు అమ్మ పొయ్యి మీంచి దించిన కేకు ఎందుకూ పనికిరాదు. క్యారేజీ ఖాళీగా ఇంటికొచ్చిందంటే దాని అర్థం ఒకటే. ఆ మనిషి లోపల చిక్కుపడి, ఉన్నదంతా తినాల్సి వచ్చి, ఎలాగో బతికి బయటపడ్డాడు.

రెటాకి ఆరేళ్ళప్పుడు హోబర్ట్, ఇంకో ఇద్దరూ నాలుగో నంబరు గనిలో ముప్ఫై తొమ్మిది గంటలు ఉండిపోయారు. ఇంటికి తీసుకొచ్చినప్పుడు వాకిలి నిండా జనం, పాస్టరు, పూనకం వచ్చినట్టు ఏడుస్తున్న అత్తలు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళి, రెటా తండ్రి చేతిలోని క్యారేజీ లాక్కుని పై మూత తీసింది. లోపల ఏమీ లేదు. అందరి ముందూ చెయ్యి చాచి ఏడుపు లంకించుకుంది. తల్లి వచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది. పాటలో ఉన్నది అంతే.

*మూత తీసి చూశా నాన్నా, అడుగు తళతళ మెరిసింది*
*అంతా నువ్వే తిన్నావా, నాకేం మిగల్చలేదా*
*నాకేం మిగల్చలేదా నాన్నా, నాకేం మిగల్చలేదా*

గని కూలిందని పాటలో ఎక్కడా లేదు. ఉండాలని ఆమెకి తోచనేలేదు. క్యారేజీ ఖాళీ అన్నాక ఇంకా చెప్పేదేముంది? అది క్షమాపణ పాట. చచ్చి బతికిన తండ్రిని పట్టుకుని కేకేదని ఏడ్చిన పిల్ల, నలభై ఏళ్ళకి తప్పయిపోయిందని చెప్పుకున్న పాట. తల్లి బతికున్నన్నాళ్ళూ నలుగురు చేరినప్పుడల్లా ఆ కథ చెప్పి నవ్వించేది: మా రెటాకి నాన్న బతికొచ్చాడని కాదు, కేకు రాలేదనే బెంగ. అందరూ నవ్వేవాళ్ళు. రెటా కూడా నవ్వేది, నవ్విన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేది. పల్లవి దగ్గర ఆమె గొంతు తగ్గేది ఆ సిగ్గుకే.

*

బడి వదిలాక కారు తీసుకుని తిన్నగా తండ్రి ఇంటికి వెళ్ళింది. అప్పటికే వరండాలో ముగ్గురు ముసలాళ్ళు కుర్చీలేసుకుని కూర్చున్నారు, ముగ్గురూ గనిలో పనిచేసి మానేసినవాళ్ళే. ఎవరో పోయినప్పుడు తెచ్చినట్టు ఒకరు వంటకం కూడా పట్టుకొచ్చారు. పలకరిస్తే ముక్తసరిగా తలలూపారు. కోపం రెటా మీద కాదు, కానీ పాట రెటాదే కదా. ఇలాంటి పాట బయటి ఊళ్ళకి పంపితే ఇలాగే ఉంటుందని వాళ్ళలో పెద్దాయన గొణిగాడు.

హోబర్ట్ లోపల కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు. ముక్కుకి గొట్టం, గొట్టం చివర గురగురలాడే ఆక్సిజన్ యంత్రం. ఒళ్ళో పత్రిక ఉంది గాని ఆ చిన్న అక్షరాలు ఆయన కళ్ళకి ఆనవు. మిత్రులు ముగ్గురూ చదివి వినిపించం పొమ్మన్నారట.

"నువ్వు చదువు," అన్నాడు.

రెటా నిలబడే చదివింది. ఆ పాట దగ్గరికొచ్చేసరికి రెండు వాక్యాలు దాటేసింది.

"ఎగ్గొట్టావు," అన్నాడు హోబర్ట్. "మొత్తం చదువు."

చదివింది. ఆయన చెయ్యి కుర్చీ చేతి మీద ఉంది, వేలు కూడా కదల్లేదు. కోపం ఆపుకుందని రాసిన ముక్క ఇంకోసారి చదవమన్నాడు. అదీ చదివింది. యంత్రం గురగురలాడుతూ ఉంది.

"ఈ కుర్రాడిది ఏ ఊరు?"

"ఎవరికి తెలుసు నాన్నా. జన్మలో గని మొహం చూసినవాడు కాదు."

"చెవులు మంచివి వాడివి," అన్నాడు హోబర్ట్.

వెటకారం అనుకుంది రెటా. ఆయన వెటకారమాడితే కడుపులో బాధ ఉన్నట్టని ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. పత్రిక ఆయన ఒళ్ళోంచి తీసి మడిచి పొయ్యి పక్కన పెట్టింది. ఆయన దాన్ని మళ్ళీ ఇమ్మని చెయ్యి చాచాడు.

*

గురువారం మధ్యాహ్నం, పళ్ళేలు కడుగుతుండగా ట్రెంట్ ఫోన్ చేశాడు. ఆల్బమ్ తెచ్చిన చిన్న కంపెనీకి అతనే యజమాని, అతనే గుమాస్తా. రెటా కంటే పదిహేనేళ్ళు చిన్న. ఫోన్ నిండా అతని ఉత్సాహమే. ఆ సమీక్ష తర్వాత మూడు రేడియోవాళ్ళు ఆ పాటే అడుగుతున్నారట. ఒకరు ఆమెతో మాట్లాడాలంటున్నారట, తండ్రి గురించి, ఆ ఇంట్లో ఎలా పెరిగిందన్న దాని గురించి.

రెటా ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పళ్ళెం కడగడం ఆపకుండానే క్యారేజీ సంగతి చెప్పింది.

"అబ్బ, ఎంత బాగుందండీ ఇది," అన్నాడు ట్రెంట్. "కానీ ఇప్పుడే ఎవరికీ చెప్పకండి రెటా గారూ. విన్నవాళ్ళకి ఎలా అర్థమైతే అలా. పాట బయటికి వెళ్ళాక అది మనది కాదు గదా."

"పాట నాది కాకపోవచ్చు బాబూ. మా నాన్న మాత్రం నా నాన్నే," అంది రెటా. ఆ పత్రికకి ఉత్తరం రాస్తున్నానని, రాసినవాడు తప్పు ఒప్పుకుని అచ్చెయ్యాలని చెప్పింది. అలా చేస్తే ఆ సమీక్షకున్న బలం పోతుందని, నాలుగు నక్షత్రాలు ఊరికే రావని అతను బతిమాలాడు. రావని ఆమెకీ తెలుసు. ఇరవై ఏళ్ళుగా చర్చి విందుల్లో, బడి సంబరాల్లో, చావు ఇళ్ళలో పాడుతోంది. ఒక్కసారి కొండలవతల ఎవరో విని బాగుందన్నారు. ఆ బాగుందన్న ముక్క తన చేత్తోనే కొట్టెయ్యాలి. ఆ పళ్ళెం కడిగాక ఇంకో నలభై పళ్ళేలు కడిగింది గాని, ఒక్కదాని మీదా ధ్యాస లేదు.

*

ఉత్తరం బడి భోజనపట్టీ కాగితాల వెనక రాసింది. శుక్రవారం పిల్లలు వెళ్ళిపోయాక, పొయ్యిలన్నీ తుడిచాక, గిన్నెలు బోర్లించిన బల్ల దగ్గరే కూర్చుని శుద్ధప్రతి తీసింది. వంటకి కొలతలు రాసే అలవాటు వల్ల వాక్యాలు పొట్టిగా వచ్చాయి. క్యారేజీలో మూడు గిన్నెలుంటాయి. పై గిన్నె పిల్లలది. మా నాన్న గనిలో రెండు రోజులు చిక్కుపడ్డాడు. ఆకలికి తాళలేక చివరికి ఆ ముక్క తిన్నాడు. నేను చిన్నపిల్లని, తెలియక ఏడ్చాను. మీరు రాసింది తప్పు. మా నాన్న పేరు సరిచెయ్యండి.

తండ్రికి వినిపించకుండా పంపడం మర్యాద కాదనిపించింది. సాయంత్రం వెళ్ళి, ఆయనకి చిక్కుడు గింజలు వెచ్చబెట్టి పెట్టి, ఎదురుగా కూర్చుని చదివింది. హోబర్ట్ చెంచా పక్కన పెట్టి విన్నాడు.

"రెండు రోజులు కాదు. ముప్ఫై తొమ్మిది గంటలు."

దిద్దింది.

"ఆకలికి తాళలేక అని రాశావు. అది కొట్టెయ్."

"మరేమని రాయను?"

హోబర్ట్‌కి మాటకీ మాటకీ మధ్య ఊపిరి కావాలి, అందుకని ఆగాడో, ఆలోచిస్తున్నాడో పక్కవాళ్ళకి తెలీదు. రెటా పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"ఆకలి మొదటి రాత్రే చచ్చిపోయింది. పై గిన్నె మూత నేను తియ్యలేదు. నీళ్ళయిపోయినా తియ్యలేదు. ఆవేళ నీ వంతు. నాకు గుర్తుంది." ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత సుత్తి చప్పుడు వినపడింది. మేం మూడు కొడితే అవతలివాళ్ళు మూడు కొట్టారు. ఇంకో గంటలో బయటుంటామని తెలిసిపోయింది. అప్పుడు తిన్నాను."

రెటాకి మొదట అర్థం కాలేదు. అప్పుడేం తిన్నావని అడిగింది.

"కేకు. బతుకుతానని తెలిశాక తిన్నాను. ఆకలికి కాదు. సంతోషానికి. పక్కన ఆర్లీ, క్లైడ్ ఉన్నారు, వాళ్ళకి తెలీకుండా గోడవైపు తిరిగి తిన్నాను. నువ్వు గుమ్మంలో కూచుని ఉంటావని తెలుసు. తెలిసే తిన్నాను. వేళ్ళు కూడా నాక్కున్నాను."

ఆ ఇద్దరూ తెలియకుండానే పోయి చాలా ఏళ్ళయింది. హోబర్ట్ తప్ప ఈ సంగతి తెలిసినవాళ్ళు భూమ్మీద ఇంకెవరూ లేరు. ఇప్పుడు రెటా ఒకతె.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఉంది. నువ్వు మూత తీసి నా మొహం వంక చూశావు. అంతా నువ్వే తిన్నావా అన్నావు. ఊళ్ళో ఒక్కళ్ళూ అడగని మాట నువ్వడిగావు. ఇంతలో మీ అమ్మ నిన్ను కొట్టింది. ఆ దెబ్బ నాకు పడాల్సింది. అది నీకు పడ్డాక ఇంక నోరు పెగల్లేదు."

"అమ్మ ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించేది," అంది రెటా. "నువ్వక్కడే ఉండేవాడివి."

"అక్కడే ఉండేవాణ్ణి," అన్నాడు హోబర్ట్.

రెటాకి ఒళ్ళు మండిపోయింది. ఒక కేకు ముక్కకి కాదు, అది ఎవడిక్కావాలి. నలభై ఏళ్ళు తను మోసిన సిగ్గు తనది కాదు. ఎదురుగా చిక్కుడు గింజల గిన్నె పెట్టుకుని కూర్చున్న ఈ మనిషిది. పాటలో తను చెప్పుకున్న క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలి? ముసలివాడు, ఊపిరాడనివాడు, ఏమన్నా అంటే పాపం. ఆ పాపం అన్న ఆలోచనకి ఇంకా కోపం వచ్చింది. లేచి ఆయన గిన్నె తీసి కడిగింది, పొయ్యి తుడిచింది, యంత్రంలో నీళ్ళు సరిపోతాయో లేదో చూసింది. రేపు అగ్నిమాపక కేంద్రంలో భోజనాలున్నాయని, అయిదింటికి వచ్చి తీసుకెళతానని గుమ్మం దగ్గర చెప్పింది. ఉత్తరం సంచీలో పడేసుకుంది. దారిలో తపాలా పెట్టె ముందు కారు ఆపలేదు.

*

శనివారం సాయంత్రం మంటలార్పే బండ్లు రెండూ బయట పెట్టేసి, ఆ షెడ్డులో బల్లలు వేశారు. ఏటా జరిగే విందే గాని ఈసారి జనం ఎక్కువ. సగం మంది హోబర్ట్ కోసమే వచ్చారు. ఆయన్ని తెచ్చి ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టగానే ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి, ఆ పత్రికలవాళ్ళకి మన సంగతులేం తెలుసని, మనసులో పెట్టుకోవద్దని చెప్పారు. వారపత్రిక సంపాదకుడు కూడా వచ్చి చదవకుండా వేసినందుకు తల గోక్కున్నాడు. పాస్టరు భోజనానికి ముందు ప్రార్థనలో, తమ పిల్లల కోసం చీకట్లోకి దిగిన తండ్రులని ప్రత్యేకంగా తలుచుకున్నాడు. హోబర్ట్ తల వంచుకునే ఉన్నాడు.

జునీటా పెద్ద గంటెతో చిక్కుడు పులుసు వడ్డిస్తోంది. మొక్కజొన్న రొట్టె సరిపోదేమోనని ఒక కన్ను దాని మీదే ఉంచింది. రెటా నాలుగు పాటలు పాడాక అందరూ ఆ పాట అడిగారు. పాడి ఆ నాష్‌విల్‌వాడికి బుద్ధి చెప్పమని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు వినపడ్డాయి.

రెటా తీగ ఒకటి బిగించి మొదలెట్టింది. మొదటి చరణం ఎప్పటిలాగే సాగింది. గుమ్మం, సాయంత్రం, ఇవాళ నా వంతని చెప్పుకునే పిల్ల. ఇంతకాలం పల్లవి రాగానే ఆమె తల దించి గిటారు వంక చూసేది, గొంతు సగానికి తగ్గించేది. ఆడవాళ్ళు అక్కడే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఈసారి తల దించలేదు. ముందు బల్ల దగ్గర, ముక్కుకి గొట్టంతో కూర్చున్న మనిషి కళ్ళలోకి చూస్తూ పాడింది.

*అంతా నువ్వే తిన్నావా, నాకేం మిగల్చలేదా*

గొంతు పెరిగింది. అంత గొంతు తనకుందని ఆమెకే తెలీదు. రెండోసారి ఇంకా పెరిగింది. బతిమాలుతున్నట్టు లేదు, ఏడుస్తున్నట్టు లేదు, అడుగుతున్నట్టు ఉంది. బల్లల దగ్గర చెంచాలు ఆగిపోయాయి. జునీటా గంటె పులుసులో వదిలేసి నిలబడిపోయింది. పాస్టరు మొహం ఎర్రబడింది. పత్రికలో ఎవడో పొరుగూరివాడు రాసిన మాట, తమ మధ్య పెరిగిన మనిషి నోట తమ మొహాల ముందే వింటున్నారు వాళ్ళు. చెంపదెబ్బ చరణం కూడా అలాగే పాడి, చివరి పల్లవి ఇంకా గట్టిగా పాడి ఆపేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరు లేచి గొంతు సవరించుకుని, హోబర్ట్ గారిని ఈ లోయలో అందరూ ఎరుగుదురని, ఆయన వంటి తండ్రి అని ఏదో సర్దబోయాడు. హోబర్ట్ చెయ్యి ఎత్తి ఆపాడు.

"కూచోండి పాస్టరు గారూ. అమ్మాయి నన్ను అడుగుతోంది."

పాస్టరు కూర్చున్నాడు. హోబర్ట్ ఊపిరి కోసం ఆగాడు. ఇంకేమన్నా చెబుతాడని జనం చూశారు. ఆయన వాళ్ళ వంక చూడలేదు.

"తిన్నాను," అన్నాడు. "వాడు రాసింది నిజం."

అవమానం జరిగినవాడి మొహంలా లేదు అది. రెటా పుట్టి బుద్ధెరిగాక ఆయన మొహం అంత తేలిగ్గా ఎప్పుడూ చూడలేదు. బల్లల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయనకి మతి తప్పుతోందని ఒకరన్నారు, కూతురే నోరు మూయించిందని ఇంకొకరన్నారు. జునీటా దగ్గరికొచ్చి, నీకేం పుట్టిందే, ముసలాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేశావని పళ్ళు కొరికింది. రెటా గిటారు పెట్టెలో పెట్టి తండ్రి బల్ల దగ్గరికి నడిచింది.

హోబర్ట్ ఆమె వంక తలెత్తి చూశాడు.

"ఇన్నాళ్ళకి సరిగ్గా పాడావు," అన్నాడు.

రెటాకి కోపం పోలేదు. అయినా ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.